సిగ్మా గుర్తు కనపడగానే గుండె దడ: ఈ నెల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల పరీక్షల టెన్షన్ గురించి ఇక్కడ రెండు ముక్కలు రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సబ్జెక్ట్ మీద, అది స్టాటిస్టిక్స్. రాసినవాళ్లలో ఎంపీసీ పిల్లలు దాదాపు లేరు. నర్సింగ్ వాళ్లు, బీకాం వాళ్లు, సైకాలజీ, ఎంబీఏ, పీహెచ్‌డీ చేసేవాళ్లు. అంటే స్టాటిస్టిక్స్ చదువుదామని వీళ్లెవరూ కాలేజీలో చేరలేదు, చేరిన కోర్సులో అది ఉంది అంతే. డిగ్రీ పిల్లలకి ఈ సబ్జెక్టే చెప్పినదాన్ని కాబట్టి ఈ భయం నాకు బాగా తెలుసు, ఇది తగ్గే భయమని కూడా తెలుసు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నా.

మేడం, నేను బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న. ఇంటర్ బైపీసీ, టెన్త్ తర్వాత మ్యాథ్స్ ముట్టుకోలే. ఇప్పుడు నర్సింగ్ రీసెర్చ్ అండ్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది. రీసెర్చ్ వరకు మంచిగనే ఉంది గానీ స్టాండర్డ్ డీవియేషన్ ఫార్ములా బోర్డు మీద రాస్తే చాలు చేతులు చల్లబడ్తయి, సార్ చెప్పేది వినపడ్తది కానీ బుర్రకెక్కదు. వార్డుల నాకు ఏ భయం లేదు, ఐవీ లైన్ కూడా ఒక్కసారికే పెడ్తా. ఈ పేపర్ ఎట్ల పాస్ కావాలె? (ఖమ్మం నుంచి ఒక విద్యార్థిని)

తల్లీ, ముందు ఒక మాట. వినపడుతుంది గానీ ఎక్కట్లేదు అన్నావు చూడు, అది తెలివి తక్కువై కాదు. మనసు ఒకేసారి పట్టుకోగలిగేది కొంచెమే, అందులో సగం "నాకు రాదు, నాకు రాదు" అనే ఆలోచనే తినేస్తే ఇంక సార్ చెప్పే స్టెప్పులకి చోటెక్కడుంటుంది. భయం తగ్గాక చదువుదాంలే అని కూర్చుంటే అది తగ్గదు. చిన్న లెక్క ఒకటి నీ చేత్తో నువ్వు పూర్తిగా చేసి, అది కరెక్టే అని నీకు తెలిసినప్పుడు తగ్గుతుంది. అందుకని ఇక్కడే ఒకటి చేద్దాం, పెన్ను కాగితం తెచ్చుకో.

ఆ ఫార్ములాని కాసేపు పక్కన పెట్టు. యాంటీనేటల్ ఓపీలో అయిదుగురు గర్భిణులకి హిమోగ్లోబిన్ చూశావనుకో. 9, 10, 11, 11, 14 వచ్చాయి. కూడితే 55, అయిదుతో భాగిస్తే 11. ఇదే మీన్, ఎక్స్ బార్ అని బోర్డు మీద రాసేది దీన్నే. గర్భిణికి 11 గ్రాముల కన్నా తక్కువుంటే ఎనీమియా అని నీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు మీన్ ఒక్కటే రాసి పైకి రిపోర్టు పంపావనుకో, సగటు 11, అందరూ బానే ఉన్నారు అనుకుంటారు. కానీ అందులో 9 ఉన్న ఆవిడ, 10 ఉన్న ఆవిడ ఇద్దరికీ ఎనీమియా ఉంది, 14 ఉన్న ఆవిడ ఒక్కతే సగటుని పైకి లాగేసింది. సగటు ఒక్కదాన్ని నమ్ముకుంటే ఐరన్ మాత్రలు ఇవ్వాల్సిన ఇద్దరు కనపడకుండా పోతారు. మరి వీళ్లందరూ సగటుకి దగ్గర దగ్గరగా ఉన్నారా, చెదిరిపోయి ఉన్నారా అని చెప్పే ఇంకో నంబర్ కావాలి కదా. ఆ నంబరే స్టాండర్డ్ డీవియేషన్. ఇది నీ వార్డు పనే, ఎక్కడి నుంచో వచ్చి పడిన లెక్క కాదు.

ఇప్పుడు చేద్దాం. ఒక్కొక్కళ్లు 11 నుంచి ఎంత దూరంలో ఉన్నారో రాయి. మైనస్ 2, మైనస్ 1, సున్నా, సున్నా, ప్లస్ 3. ఇవన్నీ కూడి చూడు, సున్నా వస్తుంది. ఎప్పుడు చేసినా సున్నానే వస్తుంది, ఎందుకంటే సగటు అంటేనే అటూ ఇటూ సమానంగా తూగే చోటు. అలా సున్నా వస్తే మనకి పనికిరాదు కాబట్టి మైనస్ గుర్తు పోగొట్టడానికి స్క్వేర్ చేస్తాం. 4, 1, 0, 0, 9. మొత్తం 14. దీన్ని అయిదుతో కాకుండా నాలుగుతో భాగించమంటారు, అదే ఎన్ మైనస్ వన్. 14 బై 4 అంటే 3.5, ఇది వేరియన్స్. దీనికి స్క్వేర్ రూట్ తీస్తే సుమారు 1.87. అయిపోయింది, అంతే లెక్క. ఇప్పుడు ఆ ఫార్ములా మళ్లీ చూడు. సిగ్మా అంటే కూడు, బ్రాకెట్‌లో ఉన్నది సగటు నుంచి దూరం, పైన 2 అంటే స్క్వేర్, కింద ఎన్ మైనస్ వన్, మొత్తం మీద రూట్. నువ్వు ఇప్పుడు చేసిన పనినే అది పొట్టిగా రాసుకున్నది.

ఎన్ మైనస్ వన్ ఎందుకు అని అడిగితే చాలామంది "అది అంతే, గుర్తుపెట్టుకో" అంటారు. దానికీ కారణం ఉంది. దూరాలన్నీ కూడితే సున్నా రావాలి కదా, అంటే మైనస్ 2, మైనస్ 1, సున్నా, సున్నా అని నాలుగు తెలిస్తే అయిదోది ప్లస్ 3 అని నువ్వు చూడకుండానే చెప్పేయొచ్చు. సొంతంగా కొత్త సంగతి చెప్పేవి నాలుగే. పైగా ఈ అయిదుగురు ఊళ్లో ఉన్న గర్భిణులందరికీ శాంపిల్ మాత్రమే, ఊరి మొత్తం సగటు మనకి తెలీదు, మన అయిదుగురి నుంచి తీసిన సగటునే వాడుకున్నాం, అందువల్ల చెదురు కాస్త తక్కువగా కనపడుతుంది, నాలుగుతో భాగిస్తే అది సరి అవుతుంది. నీ క్యాలిక్యులేటర్‌లో స్టాట్ మోడ్ ఉంటే ఇవే నంబర్లు కొట్టి చూడు, స్టాండర్డ్ డీవియేషన్ రెండు రకాలుగా చూపిస్తుంది, ఒకటి 1.67 వస్తుంది (అయిదుతో భాగించినది), ఇంకోటి 1.87. ఏది ఏంటో ఇప్పుడు నీకు తెలుసు. పరీక్షలో చాలామంది ఇక్కడే ఒకటి బదులు ఇంకోటి రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

ఇంక చదివే పద్ధతి. సాల్వ్ చేసిన ప్రాబ్లమ్ పది సార్లు చూసుకుంటే వచ్చేసినట్టే అనిపిస్తుంది, తీరా హాల్లో కూర్చుంటే రాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీనిమీద ప్రయోగాలు చేశారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకి అయిదు నిమిషాల తర్వాత పెడితే ఎక్కువ గుర్తుంది, కానీ వారం తర్వాత పెట్టిన పరీక్షలో పుస్తకం మూసేసి తమని తాము టెస్ట్ చేసుకున్నవాళ్లే ముందున్నారు. కాబట్టి రోజూ ఒక చిన్న లెక్క, అయిదారు నంబర్లతో, పుస్తకం మూసేసి. నంబర్లు వార్డులోవే తీసుకో, బీపీ, పల్స్, బరువు, ఏదైనా. చేశాక కింద ఒక వాక్యం రాయి, తెలుగులోనే రాయి, "ఈ అయిదుగురి సగటు ఇంత, సగటు నుంచి మామూలుగా ఇంత అటూ ఇటూ ఉన్నారు" అని. ఆ వాక్యం రాయగలిగితే నీకు వచ్చేసినట్టే. ఫ్రెండ్స్ అందరికీ అర్థమవుతోంది, నాకొక్కదానికే రావట్లేదు అని అనుకోకు, ఒకసారి వాళ్లనే ఎన్ మైనస్ వన్ ఎందుకో అడుగు.

మేడం గారూ, నేను డిగ్రీ కాలేజీలో బీకాం పిల్లలకి బిజినెస్ స్టాటిస్టిక్స్ చెప్తున్నాను. ఎంత నెమ్మదిగా చెప్పినా డౌట్స్ ఉన్నాయా అంటే ఒక్కరూ నోరు విప్పరు, ఇంటర్నల్స్ పెడితే సగం మంది తెల్ల కాగితం ఇస్తున్నారు. ఇది చాలా ఈజీ సబ్జెక్టర్రా అని రోజూ ధైర్యం చెప్తూనే ఉన్నాను. ఇంకేం చెయ్యాలి? (కాకినాడ నుంచి ఒక లెక్చరర్)

మాస్టారూ, మీరు పిల్లల గురించి ఇంతగా పట్టించుకుంటున్నారు, అది చాలు సగం పని అయినట్టే. కానీ ఆ "ఈజీ" అన్న మాట మాత్రం దయచేసి ఆపేయండి. మీరు ఈజీ అన్నది అర్థంకాని పిల్లకి ఏం వినపడుతుందంటే, ఈజీది కూడా నాకు రావట్లేదు అంటే నేను మొద్దుని అని. ఇంక ఆ పిల్ల చెయ్యి ఎత్తదు. దాని బదులు "ఇది మొదటిసారి అందరికీ తికమకగానే ఉంటుంది, రెండోసారి చేసేటప్పటికి దారికొస్తుంది" అనండి, అది నిజం కూడా.

ఈ భయాన్ని కొలవడానికి 1985లో క్రూయిజ్, క్యాష్, బోల్టన్ అని ముగ్గురు కలిసి 51 ప్రశ్నలతో ఒక స్కేల్ తయారుచేశారు, స్టార్స్ అంటారు దాన్ని, ఇప్పటికీ రీసెర్చ్‌లో వాడుతున్నారు. అందులో ఆరు భాగాలున్నాయి. లెక్క చెయ్యగలనా అన్న అనుమానం ఆరింట్లో ఒకటి మాత్రమే. మిగతావి చూడండి, ఈ సబ్జెక్ట్ అసలు దేనికి పనికొస్తుంది అనేది, వచ్చిన ఆన్సర్‌కి అర్థం చెప్పాలంటే భయం, క్లాసు పరీక్ష అంటే భయం, సాయం అడగాలంటే భయం, చివరిది స్టాటిస్టిక్స్ టీచర్ అంటేనే భయం. మనం ఏం చేస్తాం, లెక్కలు రావట్లేదని ఇంకో పది లెక్కలు ఇస్తాం. మిగతా అయిదింటి జోలికే పోం.

సాయం అడగాలంటే భయం అన్నదాన్ని ముందు పట్టుకోండి. మన క్లాసుల్లో అందరి ముందు డౌట్ అడగడం అంటే చిన్న విషయం కాదు, వెనక బెంచీ నుంచి నవ్వుతారు, కొన్ని చోట్ల టీచరే "ఇది కూడా తెలీదా" అంటారు. అందుకని క్లాసు అయిపోయే ముందు మూడు నిమిషాలు, తలా ఒక చిన్న చీటీ, పేరు రాయక్కర్లేదు, ఇవాళ ఎక్కడ అర్థం కాలేదో ఒక్క లైను. మర్నాడు ఆ చీటీలతోనే క్లాసు మొదలుపెట్టండి. నలుగురు అయిదుగురు అదే డౌట్ రాశారని బోర్డు మీద చెప్పగానే క్లాసు మొహాలే మారిపోతాయి, నాకొక్కడికే అనుకున్నవాడు తల ఎత్తుతాడు. కొన్నాళ్లకి చీటీల అవసరం కూడా తగ్గుతుంది.

వాళ్లకి సి.ఆర్. రావు గారి సంగతి చెప్పండి. తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకుని, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసి, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి చేరిన మనిషి. ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ల వయసులో అక్కడ పాఠం చెప్తూ పెద్ద శాంపిల్స్‌కి వర్తించే ఒక ఫలితం గురించి చెప్తుంటే, దండేకర్ అనే స్టూడెంట్ లేచి, మరి చిన్న శాంపిల్స్‌కి కూడా ఇలాంటిది ఉంటుందా, మీరెందుకు నిరూపించకూడదు అని అడిగాడు. రావు గారు ఇంటికెళ్లి కూర్చుని దాన్ని తేల్చేసి మర్నాడు క్లాసులో చూపించారు. 1945లో అచ్చయిన ఆ పేపర్ వల్లే ఇవాళ ప్రపంచమంతా క్రామెర్ రావు బౌండ్ (శాంపిల్ నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు) అని చదువుకుంటోంది. 2023లో, నూటరెండేళ్ల వయసులో, ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇస్తూ చెప్పింది కూడా ఆ పేపర్ గురించే. ఒక స్టూడెంట్ డౌట్ అడగడం, ఒక టీచర్ దాన్ని తీసిపారెయ్యకపోవడం, రెండూ ఉన్నాయి అందులో. పిల్లలతో పాటు మన టీచర్లకి కూడా కావాల్సిన కథ ఇది.

ఇంకోటి, డేటా పుస్తకంలోంచి కాకుండా క్లాసులోంచి తియ్యండి. పొద్దున ఇంటి నుంచి కాలేజీకి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో అడగండి. అయిదుగురు 10, 15, 15, 20, 90 అన్నారనుకోండి. మీన్ 30, మీడియన్ (వరసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే నంబర్) 15. ఇప్పుడు "ఈ అయిదుగురికి మామూలుగా ఎంతసేపు పడుతుంది?" అని అడగండి. ముప్పై అంటే ఆ ముప్పై నిమిషాల దరిదాపుల్లో అసలు ఎవరూ లేరు, రెండు బస్సులు మారి వచ్చే ఒక్క పిల్ల వల్ల వచ్చిన నంబర్ అది. మీడియన్ ఎందుకు కనిపెట్టారో మీరు చెప్పక్కర్లేదు, వాళ్లే చెప్తారు. తర్వాత కావాలంటే గ్రూప్డ్ డేటా ఫార్ములాకి వెళ్లండి. గ్రాఫ్ కూడా ముందే గీయించండి. 1973లో ఆన్‌స్కోంబ్ అనే ఆయన నాలుగు డేటా సెట్లు చూపించాడు, మీన్లు, వేరియన్సులు, కోరిలేషన్ (రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే నంబర్) నాలుగింటికీ దాదాపు ఒకటే, కానీ గ్రాఫ్ గీస్తే ఒకటి మామూలు చెదురు, ఒకటి వంపు తిరిగిన గీత, ఒకటి ఒక్క పాయింటు తప్ప అంతా సరళరేఖ, ఇంకోటి నిలువు గీత, దానికి దూరంగా ఒకే ఒక చుక్క. ఈ నాలుగు బొమ్మలు ప్రింట్ తీసి ఇవ్వండి, లెక్కలంటే పారిపోయే పిల్లలు కూడా ఆసక్తిగా చూస్తారు.

మొదటి ఇంటర్నల్ మార్కుల్లేకుండా పెట్టగలిగితే పెట్టండి. ఫార్ములా షీట్ ఇచ్చేయండి, బట్టీ పట్టడం మన పాఠం కాదు కదా. ఆన్సర్ కింద అర్థం ఒక వాక్యంలో రాస్తే దానికి విడిగా మార్కులివ్వండి, లెక్కలో తప్పినా వాక్యం సరిగ్గా ఉన్నవాడికి కొన్ని వస్తాయి, తెల్ల కాగితాలు తగ్గుతాయి. యూనివర్సిటీ పరీక్ష మన చేతిలో లేదు గానీ ఇంటర్నల్ మన చేతిలోదే.

అమ్మా, మా అబ్బాయి అమెరికాలో డేటా సైన్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు, మొదటి సెమిస్టర్. ఇక్కడ ఇంజినీరింగ్ బాగానే పాసయ్యాడు. స్టాటిస్టిక్స్ కోర్సు అసలు అర్థం కావట్లేదని, మిడ్‌టర్మ్ పోయిందని, వచ్చేస్తానని ఫోన్‌లో ఏడుస్తున్నాడు. లోన్ తీసుకుని పంపాం. వాళ్ల నాన్నకి చెప్పాలంటే భయంగా ఉంది. ఏం చెప్పాలి వాడికి? (నల్గొండ నుంచి ఒక తల్లి)

చెల్లెమ్మా, మీ అబ్బాయి మీకు ఫోన్ చేసి ఏడ్చాడు, అది మంచిదే, దాచుకోలేదు. ముందు చెయ్యాల్సింది లోన్ మాట ఎత్తకపోవడం. అది వాడికి తెలియని సంగతి కాదు, రోజూ గుర్తుండేదే. "పోయింది ఒక పరీక్ష, ఇంక ఏం మిగిలి ఉన్నాయో చూద్దాం" అని అడగండి.

అక్కడి చదువులో మన పిల్లలు సాధారణంగా వాడుకోని వసతి ఒకటుంది, ఆఫీస్ అవర్స్. ప్రొఫెసర్, టీఏ (ప్రొఫెసర్‌కి పాఠాల్లో సాయం చేసేవాళ్లు) వారంలో ఫలానా టైమ్‌కి గదిలో కూర్చుంటారు, పిల్లలు వచ్చి డౌట్స్ అడగడానికే ఆ టైమ్. మన దగ్గర స్టాఫ్ రూమ్‌లోకి పిలిచారంటే తిట్టడానికే అన్న అలవాటుతో పెరిగారు కాబట్టి వెళ్లరు. ఈ వారమే వెళ్లమనండి. ఏం అడగాలో తెలీట్లేదు అంటాడు, అంతా అర్థం కాలేదని చెప్తే వాళ్లేం చెయ్యలేరు, అందుకని హోంవర్క్‌లో ఎక్కడిదాకా చేశాడో ఆ కాగితం పట్టుకెళ్లి "ఇక్కడిదాకా వచ్చాను, ఈ లైన్ నుంచి తర్వాతి లైన్ ఎలా వచ్చిందో తెలీలేదు" అని చూపిస్తే చాలు. చాలా యూనివర్సిటీల్లో ఫ్రీగా ట్యూటరింగ్ కూడా ఉంటుంది. సిలబస్ కాగితం తీసి మిడ్‌టర్మ్‌కి ఎంత శాతం, ఫైనల్‌కి ఎంత, హోంవర్క్‌కి ఎంత అని చూసుకోమనండి. పోయింది అనుకున్నది చాలాసార్లు అంతగా పోయి ఉండదు.

నిజంగానే కోర్సు డ్రాప్ చెయ్యాల్సి వస్తే మాత్రం ఒక్క జాగ్రత్త. ఎఫ్1 వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ క్రెడిట్స్ ఉంచుకోవాలి, తగ్గించుకోవాలంటే ముందే ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో డీఎస్‌వో (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) పర్మిషన్ తీసుకోవాలి. డ్రాప్ చేసి తర్వాత చెప్పడం కాదు, చెప్పి, ఒప్పుకున్నాక డ్రాప్ చెయ్యాలి. విత్‌డ్రా చెయ్యడానికి ఆఖరి తేదీ ఒకటుంటుంది, అది చూసుకోమనండి. పీజీకి చాలా చోట్ల 3.0 జీపీఏ అడుగుతారు కాబట్టి అడ్వైజర్‌తో కూర్చుని లెక్క వేసుకోవడం మంచిది.

అసలు వీడికి ఎందుకు కష్టమైందో కూడా చెప్తా. మన ఇంజినీరింగ్‌లో ప్రాబబిలిటీ స్టాటిస్టిక్స్ పేపర్ అంటే చాలామంది ఇంపార్టెంట్ ప్రశ్నలు చూసుకుని పాసైపోతారు. అక్కడ "ఈ మెథడ్ ఎందుకు వాడావు, వాడటానికి షరతులేంటి" అని అడుగుతారు. అది కొత్త అలవాటు, నేర్చుకుంటే వస్తుంది, కొంచెం టైమ్ పడుతుంది.

నిద్ర పట్టట్లేదు, తినట్లేదు, బతకడం దండగ అన్న మాటలేమైనా వస్తే చదువు సంగతి అవతల పెట్టండి. అమెరికాలో 988 నంబర్‌కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది. వాళ్ల నాన్నగారికి కూడా చెప్పండి చెల్లెమ్మా. ఇంత బరువు మీరొక్కరే మొయ్యకూడదు, రేపు ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే అప్పుడు హఠాత్తుగా తెలియడం ఆయనకీ కష్టమే.

మేడమ్, సీఏ ఫౌండేషన్ రాస్తున్నాను. స్టాటిస్టిక్స్ మొత్తం వదిలేసి మ్యాథ్స్, రీజనింగ్ మీద లాగించొచ్చా? (విజయవాడ నుంచి)

వద్దు బాబూ. మూడో పేపర్ వందలో మ్యాథ్స్ 40, రీజనింగ్ 20, స్టాటిస్టిక్స్ 40. వదిలేస్తే 60కే రాస్తున్నావు, పేపర్‌లో కనీసం 40 రావాలి, అన్ని పేపర్లూ కలిపి 50 శాతం రావాలి, తప్పు ఆన్సర్‌కి పావు మార్కు కోత. అరవైలో నలభై తెచ్చుకోవడం కన్నా స్టాటిస్టిక్స్‌లో తేలిగ్గా వచ్చేవి పట్టుకోవడం మేలు. మీన్, మీడియన్, మోడ్, డిస్పర్షన్, కోరిలేషన్, ఇండెక్స్ నంబర్స్ ముందు చూసుకో. ప్రాబబిలిటీ డిస్ట్రిబ్యూషన్స్ భయంగా ఉంటే చివర్లో.

నమస్తే మేడం. ఇంట్లో అన్నీ చేస్తాను. హాల్లో పేపర్ చూడగానే బ్లాంక్ అయిపోతా. (ఎంబీఏ విద్యార్థి, హైదరాబాద్)

2011లో రమిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక స్టడీ వేశారు. పరీక్షకి కాస్త ముందు పది నిమిషాలు తమ భయాలన్నీ కాగితం మీద రాసేసిన పిల్లలకి, ముఖ్యంగా బాగా టెన్షన్ పడేవాళ్లకి, మార్కులు మెరుగయ్యాయి. బయట నిలబడి ఫ్రెండ్స్‌తో "నువ్వు ఆ చాప్టర్ చూశావా" అని మాట్లాడుకునే ఆ పది నిమిషాలు పక్కకెళ్లి రాసుకో. ఎవరికీ చూపించక్కర్లేదు, చించి పారెయ్.

లోపలికెళ్లాక పేపర్ మొత్తం చదవడానికి ముందే గుర్తున్న ఫార్ములాలు రఫ్ వర్క్ చేసుకునే చోట రాసేసుకో. తర్వాత బాగా వచ్చిన ప్రశ్న ఒకటి వెతికి దానితో మొదలుపెట్టు. ఇంట్లో ప్రాక్టీస్ కూడా గడియారం పెట్టుకుని, ఫోన్ వేరే గదిలో పెట్టి చెయ్యి, మంచం మీద పడుకుని చేసిన లెక్కకీ హాల్లో చేసే లెక్కకీ చాలా తేడా. ఒక్క స్టాటిస్టిక్స్ అనే కాకుండా అన్ని పరీక్షలకీ ఇలాగే అయి, గుండె దడ, వాంతులు, నిద్ర లేకపోవడం దాకా వెళ్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416 కి ఫోన్ చెయ్యి, ఫ్రీ, రాత్రి పగలు ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మేడం గారూ, నేను స్కూల్ టీచర్‌ని, ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, నలభై దాటాయి. రెండు గ్రూపుల పిల్లల మార్కులు పోల్చాను. డేటా అంతా డబ్బులు తీసుకుని ఎస్‌పీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు చేసిపెట్టే ఒకాయనకి ఇచ్చాను, టేబుల్స్ వచ్చాయి, పీ వాల్యూ 0.03 అని ఉంది, సిగ్నిఫికెంట్ అని రాసిచ్చాడు. అంటే ఏంటో నాకు తెలీదు. వైవా తల్చుకుంటే నిద్ర పట్టట్లేదు. ఇప్పుడు నేర్చుకోగలనా? (గుంటూరు నుంచి)

నేర్చుకోగలరు, నేర్చుకోవాలి కూడా. ఇలా బయట చేయించుకోవడం మన దగ్గర మామూలైపోయింది, మిమ్మల్ని తప్పుపట్టి లాభం లేదు, నేర్పాల్సిన చోట నేర్పట్లేదు. కానీ మీ పిల్లల మార్కులు, మీరు చేసిన క్లాసులు, మీ మూడు నాలుగేళ్ల కష్టం, దాని అర్థం మాత్రం ఇంకెవరో చెప్తే మీరు తలూపడం ఏంటండీ. అది నాకు బాధగా ఉంది.

పీ వాల్యూ గురించి అసలు కథతో చెప్తా. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1920ల్లో ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ పండితుడు పనిచేసేవాడు. అక్కడి ఒక మహిళా శాస్త్రవేత్త, కప్పులో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా తాగి చెప్పగలను అంది. ఎలా తేల్చాలి? ఎనిమిది కప్పులు, నాలుగింట్లో పాలు ముందు, నాలుగింట్లో టీ ముందు, కలగాపులగంగా ఇచ్చి, పాలు ముందు పోసిన నాలుగూ ఏవో తీసి పెట్టమనాలి. ఎనిమిదింట్లోంచి నాలుగు తియ్యడానికి 70 రకాలున్నాయి, అందులో పూర్తిగా కరెక్ట్ ఒక్కటే. అంటే ఆవిడకి ఏమీ తెలీకుండా ఊరికే గుడ్డిగా తీసినా నాలుగూ కరెక్ట్ అయ్యే ఛాన్స్ 70లో 1, సుమారు 0.014. అది పీ వాల్యూ. "ఆవిడకి ఏం తెలీదు" అన్నది నల్ హైపోథిసిస్. ఏం తెలీకపోతే ఇలా జరగడం ఇంత అరుదు, జరిగింది కాబట్టి ఏం తెలీదు అన్న మాటని పక్కన పెడదాం అంటాం. నాలుగింట్లో మూడే కరెక్ట్ అయ్యుంటే? మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఊరికే వచ్చే దారులు 70లో 17, అంటే 0.24. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

ఇప్పుడు మీ 0.03. "రెండు గ్రూపులకీ నిజానికి తేడా ఏమీ లేకపోతే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ శాంపిల్ అదృష్టం వల్ల వచ్చే అవకాశం నూటికి మూడు." అంతే. ఈ వాక్యం మీ మాటల్లో రాసుకుని నోటికి వచ్చేదాకా చెప్పండి. "నా హైపోథిసిస్ నిజమయ్యే ఛాన్స్ 97 శాతం" అని మాత్రం వైవాలో అనకండి, అది తప్పు, ఎగ్జామినర్ వెంటనే పట్టుకుంటారు. ఇంకోటి, 0.03 అంటే తేడా ఉందనడానికి ఒక ఆధారం, అది పెద్ద తేడా అని కాదు. తేడా ఎన్ని మార్కులో విడిగా చెప్పాలి. రెండు మార్కులా, పన్నెండు మార్కులా? టీచర్‌గా మీకే తెలుస్తుంది ఏది లెక్కలోకి వస్తుందో, ఇక్కడ మీ అనుభవం ఎగ్జామినర్ కన్నా ఎక్కువ కావచ్చు.

ఇలా చెయ్యండి. రెండు గ్రూపుల నుంచి తలా అయిదుగురి మార్కులు తీసుకుని చేత్తో టీ టెస్ట్ (తాగే టీ కాదు, ఇంగ్లిష్ అక్షరం t; రెండు గ్రూపుల సగటుల తేడాని పరీక్షించే లెక్క) చెయ్యండి, పైన ఖమ్మం అమ్మాయికి చూపించిన లెక్కే దానికి పునాది, ఆ తర్వాత రెండు మూడు స్టెప్పులే. అవే పది నంబర్లు జామోవీలో గానీ జాస్ప్‌లో గానీ కొట్టండి, రెండూ ఫ్రీ సాఫ్ట్‌వేర్లే, మౌస్‌తో నొక్కితే చాలు. చేత్తో వచ్చిన టీ, స్క్రీన్ మీద వచ్చిన టీ ఒకటైతే మీకు వచ్చే ధైర్యం వేరు. ఆ తర్వాత మీ డేటా మొత్తం వేసి, ఆయన ఇచ్చిన టేబుల్‌తో పోల్చండి. తేడా వస్తే ఇప్పుడే తెలుస్తుంది, వైవాలో తెలిసేకన్నా నయం.

అన్నట్టు ఈ టీ టెస్ట్ కనిపెట్టిన గోసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో ఉద్యోగి. కొద్దిపాటి శాంపిల్స్‌తో తేల్చాల్సి వచ్చేది కాబట్టి ఈ పద్ధతి తీసి 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో అచ్చువేశాడు. మీ గ్రూపులు చిన్నవని అడిగితే ఇది గుర్తుపెట్టుకోండి, చిన్న శాంపిల్స్ కోసమే పుట్టిన టెస్ట్ ఇది.

వైవాలో ఎక్కువగా అడిగేవి ఈ టెస్టే ఎందుకు, మీ నల్ హైపోథిసిస్ ఏంటి, పిల్లల్ని గ్రూపులుగా ఎలా విడదీశారు, రెండు గ్రూపుల చెదురు దాదాపు సమానమా, తేడా ఎంత. వీటికి ఆన్సర్లు సొంత మాటల్లో రాసి, స్టాఫ్ రూమ్‌లో మ్యాథ్స్ టీచర్ కాని ఎవరికైనా చెప్పి చూడండి. వాళ్లు ఎక్కడ "ఆగండి, అదేంటి" అంటారో అక్కడ మీకు ఇంకా పని ఉన్నట్టు. అది ఏ ప్రశ్నో నాకు రాయండి, మీ టేబుల్స్ కాపీ కూడా పంపండి, వచ్చే నెల చూద్దాం.